అనుభవదారు

రైతును గురించి తెలుగులో రాసినవాళ్ళు తక్కువమంది కాదు. అన్నదాత అన్నారు, హాలికుడన్నారు, దేశానికి వెన్నెముక అన్నారు. పొగిడినవాళ్ళలో మేడి పట్టినవాళ్ళు ఎందరని అడగటం పాత వేళాకోళం, నా ఉద్దేశం అది కాదు. నా ఫిర్యాదు వేరు. ఈ పొగడ్తల్లో రైతు ఉంటాడు, ఎద్దులుంటాయి, చెమట ఉంటుంది, పంట ఉంటుంది. ఆ పొలం ఎవరిదో, అతని చేతికి ఎట్లా వచ్చిందో మాత్రం ఉండదు. వానలాగా, ఎండలాగా భూమి కూడా ఎప్పుడూ అక్కడే ఉన్నట్టూ, రైతు వచ్చి దున్నటమే తరువాయి అయినట్టూ రాస్తారు. జమీందారు మీదా, దేశముఖు మీదా కలం ఎత్తినప్పుడు మన రచయితలు ఈ పని చెయ్యలేదు. 1947లో సుంకర, వాసిరెడ్డి "మా భూమి" రాస్తే, భూమి ఎవరిదన్నదే అక్కడ నాటకం. కాని అడవి అంచున సేద్యం చేసుకున్న రైతు దగ్గరికి వచ్చేసరికి ఎంతటి అభ్యుదయవాదికైనా కలం కాస్త తడబడుతుంది. ఎందుకంటే అక్కడ గడీ లేదు, గడీలో దొర లేడు. ఉన్నది ఒక చిన్న రైతు. అతని ఎదుట అతనికంటె బీదవాడు.

మా అమ్మ తండ్రి అట్లాంటి చిన్న రైతు. గుడివాడ ప్రాంతంలో పుట్టాడు. ఇరవయ్యేడో ఏట గోదావరి ఒడ్డుకు వలస వచ్చాడు. బూర్గంపాడు దగ్గర, కిన్నెరసాని గోదావరిలో కలిసే చోటికి కొంచెం ఎగువన, పదకొండెకరాలు అరవయ్యేళ్ళు సాగుచేసి 2019లో పోయాడు. పెద్దకర్మ నాడు ఊరి పెద్దలు నలుగురూ ఆయన్ని గురించి మాట్లాడారు. వాళ్ళు చెప్పినదాంట్లో చాలాభాగం నిజమే. "అడవి నరికి బంగారం పండించాడు" అన్నమాట మాత్రం నిజం కాదు. ఆయన నరికిన అడవి లేదు. ఆయన వచ్చేనాటికే అది చేను. అంతకుముందు దాంట్లో ఒక మనిషి జొన్న చల్లి కోసుకున్నాడు. ఆ మనిషి పేరు పహాణీలో ఉంది. పెద్దకర్మనాటి ఉపన్యాసాల్లో లేదు.

పహాణీ చూడని పాఠకులుంటారు గనక చెబుతాను. ఊళ్ళో ఏ సర్వే నంబరులో ఎవరికెంత భూమి ఉన్నదీ, ఆ ఏడు ఎవరు ఏ పైరు వేసిందీ రాసిపెట్టే కాగితం అది. దాంట్లో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు ఒక గడి ఉండేవి. పట్టాదారంటే భూమి గలవాడు. అనుభవదారంటే ఆ భూమిని నిజంగా చేతిలో పెట్టుకుని సాగుచేస్తున్నవాడు. చాలా పొలాలకు రెండు గళ్ళలోనూ ఒకే పేరుంటుంది. మా తాతయ్య చేనుకు పట్టాదారు గడిలో ఒక కోయ పటేలు పేరు, అనుభవదారు గడిలో తాతయ్య పేరు. ఆయన బతికినంతకాలం ఆ రెండు గళ్ళూ కలవలేదు.

ఆయన ఎందుకు వచ్చాడో చెప్పాలి. తండ్రికి డెల్టాలో నాలుగున్నర ఎకరాలు, ముగ్గురు కొడుకులు. తన వాటా ఎకరంన్నరతో సంసారం ఈదటం కల్ల అని పెళ్ళయిన నాలుగేళ్ళకు తేలిపోయింది. అప్పటికే కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి రైతులు ఖమ్మం వైపు కదులుతున్నారు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ పదెకరాలు వస్తుందని చెప్పుకునేవారు. తాతయ్య తన ఎకరంన్నరా అమ్మి 1957లో బయలుదేరాడు. బండి మీద అమ్మమ్మ, ముగ్గురు పిల్లలు, విత్తనాల మూట. తిరువూరు, సత్తుపల్లి మీదుగా కొత్తగూడెం, అక్కణ్ణించి పాలవంచ. రైల్లో రాకూడదా అని నా చిన్నప్పుడు అడిగాను. "ఎద్దుల్ని నీ తాత తోలుకొస్తాడా?" అన్నాడు. రైలెక్కినా పెద్ద ఒరిగేదేమీ లేదు. "భద్రాచలం రోడ్డు" అని పేరు పెట్టిన స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. అక్కడ దిగితే భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్లు, మధ్యన గోదావరి. 1965లో వంతెన వచ్చేదాకా అవతలి ఒడ్డుకు పడవే గతి. పైగా 1959 దాకా అవతలి ఒడ్డు తూర్పు గోదావరి జిల్లా, ఇవతలి ఒడ్డు ఖమ్మం జిల్లా. జిల్లాలు వేరు గాని రెండు ఒడ్డులా ఉన్నది కోయగూడేలే.

ఆయన్ని గురించి ఊరందరూ అనే మాట "మంచి సంసారి" అని. ఈ మాట ఇప్పటి చదువుకున్నవాళ్ళు వాడటం మానేశారు. సంసారి అంటే భార్యాబిడ్డలున్నవాడని మాత్రమే కాదు. అప్పు తెచ్చినా తీర్చేవాడు, తిన్నా తినకపోయినా నలుగురిలో తల దించనివాడు, ఇంటి గుట్టు ఇంట్లో ఉంచేవాడు అని. తాతయ్య నిఖార్సయిన సంసారి. మా నాన్న సింగరేణి గనుల్లో పనిచేసేవాడు, షిఫ్టుల బతుకు. అందుకని నేను అయిదో తరగతి దాకా తాతయ్య ఇంట్లోనే పెరిగాను. పొద్దున్నే లేచి ఎద్దులకు కుడితి పెట్టి, ఆ తర్వాత వరసగా పిల్లలందరి తలలకూ ఆముదం రాసేవాడు. మా అమ్మకూ, ఆమె చెల్లెలికీ జడలు కూడా ఆయనే వేసేవాడట. అమ్మమ్మకు మిరపకోతలప్పుడు చేతులు మండి దువ్వెన పట్టటానికి వీలయ్యేది కాదు. ఆడపిల్లల్ని పాలవంచలో గది తీసుకుని ఉంచి హైస్కూలు చదివించాడు. ఆ సంగతి విని డెల్టాలోని అన్నదమ్ములు నవ్వారు. అగ్గిపుల్లలు లెక్కపెట్టే పిసినారితనం కూడా ఉండేది. పండక్కి బట్టలు కొంటే రెండు సైజులు పెద్దవి కొనేవాడు. నేను ఆరో తరగతిలో తొడుక్కున్న చొక్కా నాలుగో తరగతి నాటి సంక్రాంతిది.

సేద్యం మొదట పొగాకు, తర్వాత పత్తి, 1970ల నుంచి మిరప. మిరప వేసినవాడికి నిద్ర ఉండదు. నారుమడి దగ్గర్నుంచి కల్లం దాకా దానికి ఏదో ఒక రోగం. కాయ ఎండేటప్పుడు ఆయన కల్లంలోనే పడుకునేవాడు. మబ్బు పట్టిందంటే అర్ధరాత్రి అందర్నీ లేపేవాడు, పట్టాలు కప్పటానికి. ఇంతా చేసి ఖమ్మం యార్డుకు తీసుకుపోతే దళారి ఒక గుప్పెడు తీసి చూసి, తాలుకాయ ఎక్కువుందని ధర కోసేవాడు. పెట్టుబడి ఆ దళారి దగ్గర తెచ్చినదే గనక మారు మాట్లాడటానికి లేదు. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతులు తిరగబడ్డ సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందటి ఏడు క్వింటాలు పన్నెండు వేల దాకా పలికిన మిరప ఆ నెలలో మూడు నాలుగు వేలకు దిగింది. రైతుల్ని అరెస్టు చేసి, మే నెలలో బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. పత్రికలో ఆ ఫోటో చూసి తాతయ్య అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అప్పటికి ఆయనకు ఎనభయ్యేడేళ్ళు. కాబట్టి ఆయన దోపిడీకి గురికాలేదని నేను అనటం లేదు. ఆయన చెమట నిజం, ఆయన్ని వర్తకులు పీల్చుకున్నదీ నిజం. కథ అక్కడితో ఆపేస్తే మంచి అభ్యుదయ కథ అవుతుంది. కాని చేను సంగతి మిగిలిపోతుంది.

చేను ఎట్లా వచ్చిందో అమ్మమ్మ చెప్పింది, తాతయ్య కాదు. 1949, 50ల్లో పాలవంచ, ఇల్లందు అడవుల్లో దళాలు తిరుగుతుండేవి. వాటికి గంజి నీళ్ళు దొరక్కుండా చెయ్యాలని సైన్యం కోయగూడేలను ఖాళీ చేయించి, జనాన్ని తెచ్చి రోడ్ల పక్కన క్యాంపుల్లో పడేసింది. సుందరయ్య గారి తెలంగాణా పోరాట గ్రంథంలో ఇది వివరంగా ఉంది. మలయాలో బ్రిటిషువాళ్ళు చేసిన పనే ఇక్కడా జరిగింది. మా పటేలు కుటుంబం అట్లా క్యాంపుకు పోయి తిరిగి వచ్చింది. వచ్చేసరికి గొడ్లు లేవు, నాగలి లేదు, విత్తనం లేదు. పటేలు తండ్రి క్యాంపులోనే జ్వరంతో పోయాడు. ఎద్దులున్న తాతయ్య ఆ తర్వాత ఆరేడేళ్ళకు వచ్చాడు. ఎద్దులు లేనివాడి చేను, ఎద్దులున్నవాడికి కౌలుకు దొరికింది. ఏడాదికి నాలుగు బస్తాల జొన్నలు, ఒక పంచె, ఒక చీర. ఇదీ మాట. కాగితం లేదు.

ఆ కౌలు ఎట్లా తరిగిపోయిందో చూడండి. రెండో ఏడు పటేలు వానాకాలంలో తిండికి లేక తాతయ్య దగ్గర నాగుకు జొన్నలు తీసుకున్నాడు. నాగంటే ధాన్యం అప్పు. బస్తా తీసుకుంటే పంటకు బస్తాన్నర. వెయ్యవలసిన కౌలు నాలుగు బస్తాలూ నాగు కిందికి చెల్లిపోయాయి. మూడో ఏడు పటేలే బాకీ. ఆ బాకీ కింద పటేలు పెద్దకొడుకు తాతయ్య దగ్గర పాలేరుగా చేరి, తన తండ్రి చేనులోనే నాలుగేళ్ళు నాగలి తోలాడు. తాతయ్య దళారి దగ్గర వడ్డీకి తెచ్చాడు, పటేలు తాతయ్య దగ్గర నాగుకు తెచ్చాడు. పైన ఒకడు, కింద ఒకడు, మధ్యలో మంచి సంసారి. పది పదిహేనేళ్ళకు పంచె పోయింది, చీర పోయింది. చివరికి ఏటేటా కోయల విత్తనాల పండుగకు తాతయ్య పంపించే కోడిపెట్ట ఒక్కటి మిగిలింది. దాన్ని మాత్రం ఆయన ఏ ఏడూ మానలేదు. పదకొండెకరాల కౌలు ఒక కోడిపెట్ట.

ఈ ప్రాంతంలో ఇంకొక విచిత్రం ఉంది. కోయవాణ్ణి "దొర" అని పిలవటం ఇక్కడి అలవాటు. కోయదొర అంటారు. తాతయ్య కూడా పటేలుతో "ఏం దొరా" అనే మాట్లాడేవాడు. పటేలు ఆయన్ని "పెదకాపూ" అనేవాడు. తెలంగాణాలో దొర అంటే ఎవరో ఎరిగిన పాఠకుడు ఈ మాటను బట్టి మోసపోగూడదు.

చట్టం లేక కాదు. గోదావరికి అవతల, మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పరం కాగూడదని చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1959లో కొత్త రెగ్యులేషన్ తెచ్చి, 1963లో దాన్ని తెలంగాణా ఏజెన్సీకీ వర్తింపజేసింది. 1970లో దాన్నే గట్టి చేశారు. అదే జనం ఒకటి బై డెబ్భయి అనే చట్టం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవలసిన భారం అనుభవిస్తున్నవాడిది. కౌలు కూడా బదిలీ కిందే లెక్క. శ్రీకాకుళం గిరిజనులు తిరగబడి ఉండకపోతే పాలకులకు ఇంత మంచిబుద్ధి పుట్టేదా అన్నది వేరే సంగతి. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. అయినా 2006లో కోనేరు రంగారావు కమిటీ లెక్క చూసేసరికి ఉమ్మడి రాష్ట్రపు షెడ్యూలు ప్రాంతాల్లో నూటికి 48 వంతుల భూమి గిరిజనేతరుల చేతుల్లో ఉంది.

ఒకటి బై డెబ్భయి వచ్చాక వలస రైతుల్లో గగ్గోలు పుట్టింది. చుట్టుపక్కల వందేసి ఎకరాలు చేతికింద పెట్టుకున్న ఆసాములుండేవారు. వాళ్ళు సభలు పెట్టి, వేదిక మీద మా తాతయ్యలాంటి వాళ్ళను కూర్చోబెట్టేవారు. ఈ బక్క రైతును వెళ్ళగొడతారా అని అడిగేవారు. బక్క రైతు వెనకాల వందెకరాలు దాక్కోటానికి చాలినంత చోటుంది. తాతయ్యకు ఇది తెలియక కాదు. తెలిసీ కూర్చున్నాడు.

ఆ రోజుల్లోనే ఒక వామపక్ష కార్యకర్త మా ఊరు వచ్చి రైతుల్ని కూడేసి మాట్లాడాడు. అంతా విని తాతయ్య లేచి అడిగాడట: "దున్నేవాడికే భూమి అంటారు గదయ్యా. ఆ చేను దున్నుతున్నది నేనే. మరి నాదే గదా?" ఆ కుర్రాడు వెంటనే జవాబు చెప్పలేకపోయాడని అమ్మ చెబుతుంది. ఈ సంఘటన మీద నేను చాలాకాలం ఆలోచించాను. తాతయ్య తెలివిగా అడ్డుప్రశ్న వేశాడని కొందరు అనుకోవచ్చు. కాని ఆయనకు అది నిజమైన ప్రశ్నే. దున్నేవాడికే భూమి అన్న నినాదం, దున్నకుండా కూచుని తినే భూస్వామి మీద పుట్టింది. పట్టాదారు గడిలో గడీదొర పేరూ, అనుభవదారు గడిలో కౌలు రైతు పేరూ ఉన్నచోట అది న్యాయం. పట్టాదారు గడిలో నాగలి పోగొట్టుకున్న కోయవాడూ, అనుభవదారు గడిలో అప్పు పెట్టినవాడూ ఉన్నచోట అదే నినాదం తలకిందులవుతుంది. అదీగాక, మిరపచేను దున్నేది ఎవరు? నాగలి తోలింది పటేలు కొడుకు. కోత కోసింది గూడెం ఆడవాళ్ళు. దున్నేవాడి లెక్క నిజంగా తీసినా తాతయ్య ఒక్కడే తేలడు. మన సంఘాల్లో రైతు అనే ఒక్క మాట కింద వీళ్ళందర్నీ కలిపి కట్టటం వల్ల ఈ చిక్కును గురించి తగినంత మాట్లాడుకోలేదని నా అభిప్రాయం. ఏజెన్సీలో మన ఓట్లు రెండువైపులా ఉండటం కూడా ఒక కారణమేమో.

నేను కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. అందువల్ల అమెరికా, కెనడా మైదానాల్లో స్థిరపడ్డ రైతుల్ని గురించి వాళ్ళ పిల్లలూ మనవలూ రాసుకున్న జ్ఞాపకాలు కొన్ని చదివే అవకాశం కలిగింది. చదువుతుంటే మా తాతయ్యే కనిపిస్తాడు. కలపలేని మైదానంలో గడ్డిపెల్లలు కోసి ఇల్లు కట్టిన తండ్రి, మంచుగాలిలో దూడను భుజాన వేసుకొచ్చిన తండ్రి, మిడతలు పంటంతా తిన్న ఏడు పిల్లల ముందు ఏడవకుండా పాట పాడిన తండ్రి. అవి అబద్ధాలు కావు. అమెరికాలో 1862 చట్టం ప్రకారం అయిదేళ్ళు కాపురం ఉండి సాగుచేసినవాడికి 160 ఎకరాలు ఇచ్చారు. కెనడా 1872లో అదే పని చేసింది. ఆ భూమి ఎవరిదన్నది ఆ జ్ఞాపకాల్లో చాలావాటిలో రాదు. ఆ 1862లోనే మిన్నెసోటాలో డకోటాలు తిండిలేక తిరగబడితే, డిసెంబరు 26న ముప్పయ్యెనిమిది మందిని ఒకే ఉరికంబం మీద ఉరితీశారు. చట్టం ఒక పుస్తకంలో ఉంటుంది, ఉరి ఇంకొక పుస్తకంలో ఉంటుంది, మంచి తండ్రి కథ మూడో పుస్తకంలో. మా ఊళ్ళో ఎవర్నీ ఉరితియ్యలేదు. నాగు చాలింది.

ఇక 1986. ఆగస్టులో గోదావరి వచ్చింది. పదహారో తేదీన భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. 2022లో వచ్చిన పెద్ద వరద కూడా 71.3 అడుగుల దగ్గర ఆగింది. నాకు అప్పుడు పదేళ్ళు. కిన్నెరసాని ముందుకు పోలేక వెనక్కి తన్నింది. రాత్రికి రాత్రి నీళ్ళు వీధిలోకి వచ్చాయి. తాతయ్య గొడ్ల పలుపులు కోసేసి, పిల్లల్నీ అమ్మమ్మనూ బండెక్కించి, మిట్ట మీదున్న గూడేనికి తోలాడు. మిగతా ఊళ్ళోవాళ్ళు కూడా అక్కడికే చేరారు. తొమ్మిది రోజులు మేం పటేలు ఇంట్లో ఉన్నాం. చిన్న ఇల్లు, తాటాకు కప్పు. వాళ్ళు పశువుల కొట్టంలో పడుకుని ఇల్లు మాకిచ్చారు. పొద్దునా సాయంత్రం జొన్న జావ, చింతపండు చారు. పటేలు భార్య తన రెండో చీర అమ్మమ్మకిచ్చింది. ఆ ఇంట్లో మూడో చీర లేదు.

నాలుగో రోజో అయిదో రోజో, వాన తెరిపిచ్చినప్పుడు, తాతయ్యా పటేలూ మిట్ట అంచున కూచున్నారు. నేను తాతయ్యను ఆనుకుని కూచున్నాను. కింద చేను ఉండవలసినచోట ఎర్రటి నీళ్ళు. పటేలు అన్నాడు: "నీ చేనంత పోయె పెదకాపూ." తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీ చేనే గదా దొరా" అన్నాడు. పటేలు నవ్వి చుట్ట ముట్టించాడు. అంతే. ఆ తర్వాత ఇద్దరూ ఎద్దుల్ని గురించి మాట్లాడుకున్నారు.

నీళ్ళు తీసినాక చేనుమీద మోకాలెత్తు ఒండ్రు. గట్లు లేవు, హద్దురాళ్ళు లేవు. ఎవరి చేను ఎక్కడిదో తేల్చటానికి పటేలే వచ్చి, ఒక ఇప్పచెట్టు దగ్గర్నుంచి అడుగులు వేసుకుంటూ హద్దు చూపించాడు. ఆ రోజు ఆయన ఈ చేను నాదని నిలబడి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తాతయ్య ఆ కొత్త ఒండ్రులో మిరప వేశాడు. ఆ ఏడు పండినంత మిరప మళ్ళీ ఎప్పుడూ పండలేదు. పటేలు ఇంటికి కోడిపెట్టతో పాటు రెండు చీరలు పంపించారు. చేను పంపించలేదు.

తాతయ్యను నేను ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తున్నాను. మా అమ్మ చదువూ, దానివల్ల వచ్చిన నా చదువూ ఆ చేను మిరపలోంచి వచ్చినవే. పటేలు మనవరాళ్ళలో హైస్కూలు దాటినవాళ్ళు లేరు. పాలవంచలో గది అద్దె ఎవరి కౌలు బస్తాల్లోంచి పోయిందో లెక్క కట్టటానికి పెద్ద గణితం అక్కర్లేదు. మంచి తండ్రి అన్నదీ, అనుభవదారు అన్నదీ ఒకే మనిషి. ఒకదాన్ని రాసి రెండోదాన్ని వదిలేస్తే ఆయన్ని గురించి రాసినట్టు కాదు.

వలస వచ్చినవాడు తప్పు చేశాడని కూడా నేను అనను. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం దెబ్బకు పారిపోయి వచ్చిన గొత్తికోయలు కూడా ఈ అడవుల్లోకి వలస వచ్చినవాళ్ళే. వాళ్ళు నిజంగానే అడవి నరికి పోడు చేశారు. అటవీ హక్కుల చట్టానికి 2005 డిసెంబరు 13 గడువు గనక, వాళ్ళలో చాలామందికి పట్టా అడిగే దారి లేదు. వాళ్ళ గుడిసెలు పీకటమూ, వాళ్ళు మళ్ళీ వేసుకోవటమూ జరుగుతూనే వచ్చాయి. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ అధికారి హత్య దాకా పోయింది ఆ వైరం. ఎద్దులతో వచ్చిన వలసకు రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, రేషను కార్డు వచ్చింది. ఉత్త చేతుల్తో వచ్చిన వలసకు మంచినీళ్ళ బోరు కూడా కష్టమే. వలసలో కూడా వర్గం ఉంది.

పటేలు ఎప్పుడో పోయాడు. ఆయన కొడుకు 1978లో ఒకటి బై డెబ్భయి కింద కేసు వేశాడు. పాలేరుగా నాగలి తోలినవాడే. వాయిదాలకు రాలేదని కేసు కొట్టేశారు. వాయిదాలకు ఎందుకు రాలేదో అమ్మమ్మ చెప్పింది. ఆ వానాకాలం కూడా వాళ్ళు మా ఇంట్లోనే నాగు తీసుకున్నారు. 2018 మేలో రైతుబంధు మొదలయింది. ఎకరానికి నాలుగువేల చొప్పున పట్టాదారు పేరు మీద చెక్కులు ఇచ్చారు. పదకొండెకరాలకు నలభై నాలుగు వేల చెక్కు పటేలు మనవడికి వచ్చింది. ఆ కుర్రాడు చెక్కు తీసుకుని నేరుగా తాతయ్య దగ్గరికి వచ్చాడు, ఏం చెయ్యాలో అడగటానికి. మా మామయ్య సగం ఇక్కడ పెట్టి పొమ్మన్నాడు. తాతయ్య చూపు ఆనదు. నన్ను పేరు చదవమన్నాడు. చదివాను. "బ్యాంకుకు పొద్దున్నే పో నాయనా, జనం ఎక్కువుంటారు" అన్నాడు. మామయ్య రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు తాతయ్య పోయాడు. 2020లో ధరణి వచ్చినప్పుడు అనుభవదారు గడినే ఎత్తేశారు. దీనివల్ల రాష్ట్రమంతటా కౌలు రైతులు ఆగమయ్యారన్నది వాస్తవం, దాన్ని గురించి మన మిత్రులు చాలా రాశారు. మా చేను విషయంలో జరిగింది ఏమిటంటే, అరవయ్యేళ్ళ తర్వాత కాగితం మీద పటేలు కుటుంబం ఒక్కటే మిగిలింది. చేను మామయ్యల చేతిలోనే ఉంది. పటేలు మనవడు 2021లో మళ్ళీ కేసు వేశాడు. ఈసారి వాయిదాలకు వస్తున్నాడు.

ఇంగ్లీషు వచ్చినవాణ్ణి గనక జవాబు రాసి పెట్టమని మామయ్యలు నన్ను అడిగారు. ఈ భూమి అడవిగా ఉండగా మా తండ్రి నరికి బాగుచేసుకున్నాడని రాయాలన్నారు. పెద్దకర్మనాటి ఉపన్యాసమే. రాయనన్నాను. వాళ్ళ ఇంటికి నా రాకపోకలు అప్పటితో సరి. అమ్మ మధ్యలో నలిగిపోతున్నది. ఆవిడ ఎవరి పక్షమో నేను అడగలేదు. పటేలు మనవడి తరపు వకీలు నా పేరు సాక్షుల్లో రాయించాడు. పిలిస్తే నాలుగు బస్తాల జొన్నల సంగతీ, నాగు సంగతీ, కోడిపెట్ట సంగతీ చెబుతాను. వరదలో మిట్ట మీద ఆ ఇద్దరూ అనుకున్న మాటలు కూడా చెబుతాను. పదేళ్ళ పిల్లవాడి జ్ఞాపకం సాక్ష్యానికి పనికిరాదని అవతలి వకీలు అనవచ్చు.

చేనులో ఈ ఏడు కూడా మిరపే వేశారు. కోతకు గూడెం ఆడవాళ్ళే వస్తున్నారు.